మాల తీయని పార్థసారథి గారు

పార్థసారథి గారికి గుండెపోటు వచ్చినప్పుడు ఆయన చేతిలో సిగరెట్టు ఉంది. ఆర్పేసి పడిపోయారని కొందరు, పడిపోయాక పక్కవాళ్లు ఆర్పారని కొందరు చెప్పుకునేవారు. ఆయన్నే అడిగితే, అప్పటికే పూర్తయిందండీ అనేవారు. ఇలాంటి విషయాల్లో ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు.

అది తొంభై ఎనిమిది ఎండాకాలం చివర. మాదాపూర్ బండల మధ్య గుండ్రటి అద్దాల భవనం ఒకటి లేస్తోంది. దానికి దారి వెయ్యడం రోడ్ల శాఖ పని. ఆ పని చూసే రేకుల షెడ్డు ఆఫీసులో పార్థసారథి గారు సూపరింటెండెంటు. ఆయనది భీమవరం వైపు. చెయ్యవలసిన పని చేసి, పైవాళ్లు ఏం చెప్పినా "అలాగేనండి" అని, మిగిలిన కాలమంతా పొగ తాగేవారు. పసుపు పెట్టెలో వచ్చే, ఫిల్టర్ లేని సిగరెట్లు. ఆయన బల్ల దగ్గరికి ఫైలు పట్టుకెళ్లినవాళ్లు దగ్గుకుంటూ తిరిగి వచ్చేవారు. సంతకం మాత్రం అయ్యేది.

నా పేరు సౌజన్య. మాది నంద్యాల. లింగంపల్లిలో పార్థసారథి గారి ఇంటి మేడ మీద కిరాయికి ఉండేదాన్ని. ఆ దగ్గర్లోనే ఒక ట్రస్టు నడిపే గుండె దవాఖానలో ఈసీజీ తియ్యడం నా ఉద్యోగం. కాబట్టి పార్థసారథి గారి గుండెను కాగితం మీదా, ఆయన్ని మెట్ల దగ్గరా చూసేదాన్ని. రెండూ ఒకే మనిషివంటే నమ్మడం కష్టం. కాగితం మీద అంత గందరగోళం ఉంటే, మెట్ల దగ్గర ఆయన ఎంతో నిదానంగా, నీళ్లు వచ్చాయామ్మా అని అడిగేవారు.

మా పెద్ద డాక్టరు ఉమాశ్రీ గారు ఆయన భార్య పుణ్యవతి గారిని కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పారు. మందులు వాడాలి, ఉప్పు తగ్గించాలి, నడవాలి. అవన్నీ ఒక ఎత్తు, సిగరెట్టు మానడం ఒక్కటీ ఒక ఎత్తు. మానకపోతే రెండోసారి దవాఖాన దాకా వచ్చే వ్యవధి ఉండకపోవచ్చు. పుణ్యవతి గారు ఏడవలేదు. అయితే మానేస్తారండీ అన్నారు, కూరలో కారం తగ్గిస్తానన్నంత తేలిగ్గా. మంచం మీద ఆయన కూడా "అలాగేనండి" అన్నారు.

ఇంటికొచ్చి వారం తిరక్కుండానే పెరట్లో, ఆరేసిన దుప్పటి వెనకాల కాలుస్తూ దొరికారు. దుప్పటి పైనుంచి పొగ లేస్తుంటే ఎవరికైనా తెలుస్తుంది. ఆ తరవాత లవంగాలు వచ్చాయి, యాలకులు వచ్చాయి, సోంపు వచ్చింది. ఆయన అన్నీ నమిలారు. నమిలాక నోరు బాగుందని ఒకటి ముట్టించారు. చివరికి పుణ్యవతి గారు తన తల మీద ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు ఇంటి వరకే వర్తిస్తుందని ఆయన అర్థం చేసుకున్నారు.

ఆవిడ పైకి గట్టిగానే ఉండేవారు గానీ లోపల హడలిపోయి ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకునేవారట. ఆయన కళ్లు తెరవకుండానే "ఉన్నానులే" అనేవారట. ఈ సంగతి నాకు నవ్వుతూ చెప్పబోయి, సగంలో ఆపి, బియ్యం ఏరుకోవడానికి లోపలికి వెళ్లిపోయారు.

ఆ ఏడు వానాకాలంలో ఉమాశ్రీ గారు దవాఖానలో పొగ మాన్పించే కార్యక్రమం ఒకటి మొదలుపెట్టారు. ట్రస్టు వాళ్లకు మాటలు చాలవు. పొగ మాన్పించడం వల్ల గుండెజబ్బులు ఎంతవరకు తగ్గుతాయో కొలిచి చూపించమన్నారు. తగ్గేది తరవాత సంగతి, ముందు మానినవాళ్లు ఎంతమందో తెలియాలి కదా. దానికోసం ఊదే మిషన్ ఒకటి తెప్పించారు. చేతిలో పట్టేంత పెట్టె, దానికో గొట్టం. ఊపిరి బిగబట్టి గొట్టంలోకి ఊదితే, ఒంట్లో చేరిన పొగ విషం ఎంతో అంకె చూపిస్తుంది. ఎక్కువగా ఉంటే కుయ్యిమంటుంది. ఆ పెట్టె నా చేతికిచ్చారు.

అప్పటిదాకా మనుషుల మీద నాకు కొంచెం మంచి అభిప్రాయం ఉండేది. "మానేసిన, తల్లీ" అంటూనే గొట్టం నోట్లో పెట్టుకునేవారు. కుయ్యిమనేది. పక్కింటాయన కాలుస్తాడని ఒకరు, ఇంట్లో అగరొత్తులు వెలిగించారని ఒకరు, లారీ వెనకాల స్కూటర్ మీద వచ్చానని ఒకరు. శనివారం శనివారం పాడైన ఊపిరితిత్తుల బొమ్మ చూపించి ఉపన్యాసం చెప్పేదాన్ని. శ్రద్ధగా విని, బయటకెళ్లి, గేటు దగ్గర వేపచెట్టు కింద నిలబడి ఆ బొమ్మ గురించి మాట్లాడుకుంటూ కాల్చేవారు. పార్థసారథి గారు ఎప్పుడూ ముందు వరసలోనే కూర్చునేవారు. ఊదేవారు. కుయ్యిమనేది. "అవునండి" అనేవారు. సాకు చెప్పనివాడు ఆయన ఒక్కడే.

ఇలా ఉండగా కార్తీక మాసం వచ్చింది. మా వీధిలో మొగిలి అని ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఏళ్ల తరబడి శబరిమలకు వెళ్తున్నవాడు కాబట్టి ఆ చుట్టుపక్కల అయ్యప్ప దీక్ష తీసుకునేవాళ్లందరికీ ఆయనే గురుస్వామి. మెడలో మాల వేసేదీ ఆయనే, తీసేదీ ఆయనే. పార్థసారథి గారు భక్తుడేం కాదు. గుడికి వెళ్తే చెప్పుల దగ్గర కాపలా నిలబడే రకం. అలాంటి మనిషి ఒక సాయంత్రం మొగిలి ఇంటికి వెళ్లి, మాల వేసుకుంటే సిగరెట్టు కాల్చొచ్చా అని అడిగారు.

"మాల మీద సిగరెట్టా? గట్లెట్లయితది సారూ" అన్నాడు మొగిలి.

మర్నాడు పొద్దున్నే వెళ్లి వేయించుకున్నారు.

అంతే, మానేశారు. చిరాకు లేదు, దగ్గు లేదు, చేతులు వణకడం లేదు. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, శరణు ఘోష, నల్ల బట్టలు, ఉత్త కాళ్లు. డాక్టరు చెబితే మానలేదు, పెళ్లాం తల మీద ఒట్టుకు మానలేదు, నా బొమ్మకైతే అసలే మానలేదు. తులసి పూసలు మెడలో పడగానే మానేశారు. నాకు సంతోషం వెయ్యాలి. నిజం చెప్పాలంటే ఒళ్లు మండింది. ఎలా కుదిరిందండీ అని అడిగితే, కాల్చాలా వద్దా అన్నది ఇప్పుడు నా చేతిలో లేదు కదా మాతా అన్నారు. దీక్షలో ఉన్నవాళ్లకు మగవాళ్లందరూ స్వాములు, ఆడవాళ్లందరూ మాతలు. నాకు అప్పటికి పెళ్లి కూడా కాలేదు.

డిసెంబరు ఆఖర్లో కార్యక్రమంలో ఉన్నవాళ్లందరి చేతా ఊదించాం. మిషన్ దాదాపు నోరెత్తలేదు. ఒకరి తరవాత ఒకరు ఊదుతున్నారు, సున్నాలూ ఒకట్లూ వస్తున్నాయి. పాడైందేమోనని మా వ్యాను డ్రైవరు చేత ఊదించి చూశాను. కుయ్యిమంది. పెట్టె బాగానే ఉంది. లెక్క తేలేసరికి నూటికి ఎనభైమంది మానేసినట్టు. ఉమాశ్రీ గారి ముఖం వెలిగిపోయింది. పెద్ద అట్ట మీద రంగుల్లో నిలువు గీతలు గీయించి గోడకు తగిలించారు. పై దేశాల్లో కూడా ఇంత ఫలితం లేదట. ట్రస్టు పెద్దల్ని ఫిబ్రవరిలో రమ్మని కబురు పెట్టారు.

మరి ఎవరికీ అనుమానం రాలేదా అని మీరు అడగొచ్చు. రాలేదు. కార్తీకం నుంచి మకరజ్యోతి దాకా ఈ ఊళ్లో నల్లబట్టలు కంటికి ఆనవు. కండక్టరు స్వామి టిక్కెట్టు ఇస్తాడు, బ్యాంకులో స్వామి డబ్బు లెక్కపెడతాడు, ట్రాఫిక్ స్వామి చెయ్యి అడ్డం పెడతాడు. వాళ్లు స్వాములని గుర్తుపట్టేది పిలవడానికే. మా హాలు నిండా నల్లబట్టలే కూర్చుని ఉంటే, "స్వామీ, ఇంకొంచెం గట్టిగా ఊదండి" అంటూనే, మా ఉపన్యాసాలు భలే పనిచేశాయని డాక్టరు దగ్గర్నుంచి ఆయా దాకా పొంగిపోయాం.

జనవరిలో మొగిలి తన బృందాన్ని శబరిమల తీసుకెళ్లాడు. తిరుగు ప్రయాణంలో కొండ కింద అందరికీ మాలలు తీశాడు. తీసిన చోటనే ఒక్కొక్కరూ అగ్గిపెట్టె కోసం తడుముకున్నారట. టీకొట్టు చుట్టూ పొగ కమ్ముకుందట. ఇంకా మాల తియ్యని పార్థసారథి గారు దూరంగా నిలబడి అదంతా చూశారు. ఎవరో స్నేహంగా ఒకటి ముట్టించి అందించబోతే వెనక్కి నడిచారు. మొగిలి మాల తియ్యడానికి దగ్గరికొస్తే రెండు చేతులతో దాన్ని గుండెకు అదుముకుని, ఇంటికెళ్లాక తీద్దామన్నారు.

ఇంటికొచ్చాక, తల్లి చేత తీయించుకోవడం ఆనవాయితీ కదా, మా అమ్మ లేదు కదా అన్నారు. గురుస్వామి తీస్తే సరిపోతుందని మొగిలి చెప్పాడు. అయితే మంచిరోజు చూడమన్నారు. మొగిలి చూసి చెప్పిన రోజులన్నీ మంచివే, ఏదీ ఈయనకు నచ్చలేదు.

ఫిబ్రవరిలో ట్రస్టు పెద్దలు వచ్చే ముందు ఎందుకైనా మంచిదని ఉమాశ్రీ గారు అందరి చేతా మళ్లీ ఊదించారు. మొదటివాడికి కుయ్యిమంది. రెండోవాడికి కుయ్యిమంది. పక్క గదిలో పేషెంట్లు ఏమైందోనని లేచి వచ్చారు. డాక్టరు గారు మొదట మిషన్ను అనుమానించారు, తరవాత నన్ను అనుమానించారు, ఆఖరికి ఎదురుగా ఉన్న క్రేను డ్రైవర్ని, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టావని అడిగారు.

"మాల తీసినంక ముట్టిచ్చిన మేడమ్. మీరు జర గూడ ఫికర్ జెయ్యకుండ్రి. మల్ల కార్తీకంల బంద్ జేస్త" అన్నాడతను. ఆమెను ఓదార్చడానికే అన్నాడు పాపం.

ఉమాశ్రీ గారు కుర్చీలోంచి లేచారు. తరవాత స్టూలు వేసుకుని, తనే ఎక్కి, గోడ మీది అట్ట తీసేశారు. నాకు ఆమెను చూస్తే జాలేసింది. ఎంతమందిని బతికించొచ్చోనని లెక్క వేసుకుని ఉన్నారావిడ.

వరసలో చివర పార్థసారథి గారు. నల్ల పంచె, గడ్డం, ఉత్త కాళ్లు. ఊదారు. సున్నా. హాలంతా తిరిగి చూసింది. డాక్టరు గారు ఆయన్ని లోపలికి పిలిచి, పండగ వెళ్లిపోయింది కదా, ఇంకా దీక్షలో ఎందుకున్నారని అడిగారు.

"తీస్తే కాలుస్తానండి."

"అంటే మీరు మానలేదన్నమాట."

"మానలేదండి. కాల్చట్లేదు."

ఉమాశ్రీ గారు పెన్ను మూత తీశారు, పెట్టారు. ఈయన్ని మానినవాళ్లలో వెయ్యాలా, మాననివాళ్లలో వెయ్యాలా? చివరికి, దీక్షలో ఉన్న రోజులు మానిన లెక్కలోకి రావని, మాల తీసిన రోజు నుంచే ఈయన లెక్క మొదలవుతుందని నాతో చెప్పారు. ఆయన బుద్ధిగా తల ఊపి వెళ్లిపోయారు. మాల మాత్రం తియ్యలేదు.

శివరాత్రి వెళ్లింది, ఉగాది వెళ్లింది, ఎండలు ముదిరాయి. కొత్త భవనంలోకి మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు గుంపులు గుంపులుగా వస్తున్నారు. వాళ్ల కార్ల పక్కన, మిట్టమధ్యాహ్నం, తారు రోడ్డు మీద ఉత్త కాళ్లతో మెడలో మాలతో పార్థసారథి గారు. తను దగ్గరుండి వేయించిన రోడ్డే ఆయన అరికాళ్లు బొబ్బలెక్కించింది. తారు బాగా పడిందన్నారు. పుణ్యవతి గారు సాయంత్రం వెన్న తెచ్చి ఇస్తే, మాత చెయ్యి తగలకూడదని తనే రాసుకునేవారు.

కాలనీలో ఆయనకు పేరొచ్చింది. పిల్లల్ని తెచ్చి కాళ్ల మీద పడేసేవారు. అనంతపురం నుంచి వచ్చి స్థలాల వ్యాపారం చేసే రంగనాథ్ అయితే, నల్లగండ్లలో ఒక బిట్టు ఉంది కొనొచ్చా స్వామీ అని అడిగాడు. నాకు తెలియదండి అన్నారు ఈయన. వద్దనలేదు కదా అని రంగనాథ్ కొనేశాడు.

పుణ్యవతి గారి సంగతి ఎవరూ అడగలేదు. తెల్లవారకముందే లేవాలి, తలస్నానం చెయ్యాలి, ఉల్లీ వెల్లుల్లీ లేకుండా వండాలి. అది దీక్ష ఉన్న ఏ ఇంట్లోనైనా తప్పనిదే. కానీ ఆ కాలానికో చివర ఉంటుంది. దీనికి లేదు. ఆయన ముందు గదిలో చాప మీద పడుకుంటారు. కోపం తెచ్చుకోకూడదు, పరాచికాలాడకూడదు, పాటలు వినకూడదు. అదివరకు ఉప్పు చాలలేదని, పేపరు ఎక్కడ పెట్టావని రోజంతా ఇద్దరూ మాటా మాటా అనుకునేవారు, పైనున్న నాకు వినిపించేది. ఇప్పుడు ఆవిడ ఏమన్నా "స్వామి శరణం" అని వినిపిస్తోంది.

మే నెలలో ఒక రోజు ఆవిడ ఒంటరిగా దవాఖానకొచ్చి, మనిషి జీవితాంతం దీక్షలో ఉంటే ఏమైనా ప్రమాదమా అని ఉమాశ్రీ గారిని అడిగారు. డాక్టరు గారు ఆయన కొత్త ఈసీజీ చూసి, గుండెకు చాలా మంచిదన్నారు.

"గుండె బాగుందండి. మనిషే ఇంట్లో లేరు" అన్నారు పుణ్యవతి గారు. ఈసారి ఏడ్చారు. మాల తీయమంటే తన చేత్తో తను చంపుకున్నట్టవుతుందేమోనని భయం. తీయవద్దంటే ఎదురుగా ఉన్న మనిషి కోసం బెంగ. ఏది కోరుకోవాలో చెప్పమని అడిగారు. ఉమాశ్రీ గారి దగ్గర దానికి మందు లేదు. నీళ్ల గ్లాసు అందించారు.

జూన్‌లో తొలకరి పడ్డాక మొగిలి ఓపిక పట్టలేక వచ్చేశాడు. నేను కిరాయి ఇవ్వడానికి కిందికి దిగి గుమ్మంలో ఇరుక్కున్నాను.

"దేవుని కోసమేసుకున్నవా స్వామీ, సిగరెట్ కోసమేసుకున్నవా? దేవుడిని అడ్డం వెట్టుకుని గిట్ల ఎన్ని దినాలు దాక్కుంటవ్?"

పార్థసారథి గారు, సిగరెట్టు కోసమేనని ఒప్పుకున్నారు. చెప్పానుగా, అబద్ధం చెప్పే మనిషి కాదు. అప్పుడు పుణ్యవతి గారు వంటింట్లోంచి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుని, నా ముందే, మొగిలి ముందే అన్నారు.

"మీరు కాలిస్తే నేనాపలేను. ఇన్నాళ్లూ ఆపలేకపోయాను కూడా. అయినా ఫర్వాలేదు, ముందు ఇంటికి రండి."

ఆయన ఆవిడ వంక చూశారు. తరవాత లేచి కండువా భుజాన వేసుకున్నారు.

సాయంత్రం కాలనీ గుడిలో మొగిలి మంత్రం చదివాడు. తీసేది మాత్రం నువ్వే తీయమ్మా అని ఆవిడకు చెప్పాడు, ఇంటికి పెద్ద ఆడమనిషివి, తప్పులేదన్నాడు. పార్థసారథి గారు తల వంచారు. ఏడు నెలల చెమటకు పూసలు నల్లబడి ఉన్నాయి. మాల తీస్తుంటే పుణ్యవతి గారి వేళ్లు ఆయన మెడకు తగిలాయి. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

ఆవిడ తెచ్చిన తెల్లచొక్కా తొడుక్కుని, చెప్పుల్లో కాళ్లు పెట్టి, ఆయన గుడి మెట్లు దిగారు. దిగేసరికి చేతులు వణకడం మొదలైంది. చెమట పట్టింది. నేను నాడి చూడబోయాను.

"గుండె కాదమ్మా. కావాలనిపిస్తోంది" అన్నారు.

ఇన్ని నెలల్లో ఒక్కసారీ అనిపించలేదా అని అడిగాను. అప్పుడు కాలుస్తావా అని నన్నెవరూ అడగలేదు కదా, ఇప్పుడు నేనే అడుగుతున్నాను, నేనే జవాబు చెప్పాలి అన్నారు.

వీధి మలుపులో పాన్ డబ్బా ఉంది. దాని యజమానికి పార్థసారథి గారు పాత ఖాతాదారు. తెల్లచొక్కాలో ఆయన్ని చూసి ఆ మనిషి నిజంగా సంతోషపడ్డాడు. అడక్కుండానే పసుపు పెట్టె తీసి, గాజు సీసాల ముందు మర్యాదగా పెట్టాడు. పార్థసారథి గారు ఆగిపోయారు. మేమూ ఆగిపోయాం. శనివారం శనివారం అంతమందికి చెప్పిన ఉపన్యాసంలో ఒక్క ముక్క నా నోట్లోంచి రాలేదు. పుణ్యవతి గారి పెదవులు మాత్రం కదులుతున్నాయి.

ఆయన ఆ పెట్టె వంక చూస్తూనే పిలిచారు.

"పుణ్యవతీ, నువ్వు ఈ పక్కకొచ్చి నడు."

ఆవిడ చుట్టూ తిరిగి వచ్చి, ఆయనకూ డబ్బాకూ మధ్య నిలబడ్డారు. ఆయన వీధిలో, అందరూ చూస్తుండగా, ఆవిడ మణికట్టు పట్టుకున్నారు. ఎంత గట్టిగా పట్టుకున్నారంటే గాజులు మోచేతి దాకా ఎగదన్నాయి. డబ్బా దాటాం. ఆయన ఊపిరి గట్టిగా వినిపిస్తోంది.

కొంత దూరం వెళ్లాక పుణ్యవతి గారు అడిగారు. "ఇంటికెళ్లేలోపు ఇంకెన్ని కొట్లున్నాయండీ?"

"చాలా ఉన్నాయి" అన్నారాయన.

ఆవిడ తన చెయ్యి విడిపించుకుని, ఆయన చెయ్యి తను పట్టుకున్నారు. "అయితే నెమ్మదిగా వెళ్దాం" అన్నారు.